లోపలి పుల్ల

పాలిష్ మేస్త్రీ చేతులు ఎప్పుడూ ముదురు గోధుమ రంగులోనే ఉండేవి. సబ్బుతో రుద్దినా, స్పిరిట్‌తో తుడిచినా గోళ్ళ అంచుల్లో లక్క మిగిలిపోయేది. కూతురు పుట్టిన రోజు బిడ్డను ఎత్తుకోబోతే నర్సు ఆ చేతుల్ని చూసి వెనక్కి జరిగింది.

"ముందు చేతులు కడుక్కురండి."

"కడుక్కునే వచ్చానమ్మా," అన్నాడు.

ఆ బిడ్డ ఏడిస్తే ఎవరు ఊపినా ఆగేది కాదు. ఇతను చెవి దగ్గర చిటికె వేస్తే టక్కున ఆగి, ఆ చప్పుడు ఎటు పోయిందా అని కళ్ళు తిప్పి వెతికేది. అందుకే ఇంట్లో అందరికీ చిటికె అయింది. బడిలో వేరే పేరుంది గాని ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే ఎవరో అనుకునేది.

వీధి చివర రేకుల షెడ్డు అతనిది. సగమే అతనిది. మిగతా సగం బావమరిదిది. వాడు వడ్రంగి. వాడు చేసిన బీరువాలకూ కుర్చీలకూ ఇతను పాలిష్ పెడతాడు. వాడు రంపం పట్టాడంటే పొట్టు లేచి తడి పాలిష్ మీద వాలుతుంది. రోజూ గొడవే. "నువ్వు కోసేది చెక్కా, నా కడుపా?" అని ఇతను అరుస్తాడు. "నీ కడుపైతే ఇంత గట్టిగా ఉండదు బావా," అంటాడు వాడు.

మేస్త్రీ భార్య పళ్ళ డాక్టరు దగ్గర పని చేసేది. పనిముట్లు కడిగి, మరగబెట్టి, ట్రేలో వరసగా పేర్చేది. డాక్టరు చెయ్యి చాపితే ఏది కావాలో అడగకుండానే అందించేది. ఆమె మాట తక్కువ. అన్న మాట మాత్రం తగలాల్సిన చోటికే పోయి గుచ్చుకునేది.

వయొలిన్ ఆ ఇంటికి వచ్చిన తీరు ఇది. ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే సామానుకు మెరుగు పెట్టమని బావా బావమరుదుల్ని పిలిచారు. అటక మీద నుంచి ఒక నల్లటి పెట్టె దిగింది. అందులో తీగల్లేని వయొలిన్. నల్లబడిపోయి, గీతలు పడి ఉంది. ఆ ఇంటాయన చెత్తలో వెయ్యబోయాడు. మేస్త్రీ అడ్డం పడ్డాడు.

"నా కూలి బదులు ఇది ఇచ్చెయ్యండి."

బావమరిది సుత్తి కింద పెట్టాడు. "బావా, దీన్ని తింటామా? పోనీ, దీని మీద కూర్చుంటామా?"

ఎందుకు అడిగాడో అతనికే తెలియదు. దాని నడుము వంపు నచ్చింది. అలాంటి వంపు ఏ కుర్చీకీ ఏ బల్లకీ చూడలేదు. ఇంటికి తెస్తే భార్య ఆ రోజంతా పలకలేదు. తిట్టినా బాగుండుననిపించింది. చిటికె మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తీగలు లేని చోట వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. అది చూసి భార్య మెత్తబడింది. తీగలు ఆమే కొనుక్కొచ్చింది.

రెండు వీధుల అవతల ఒక ముసలి టీచరు వయొలిన్ నేర్పేది. చేతులు కొంచెం వణికేవి, చెవులు మాత్రం వణికేవి కావు. ఆమెది ఒకటే పట్టు.

"పిల్లని గుమ్మంలో దింపి పోయేవాళ్ళు నాకొద్దు. తల్లో తండ్రో కూర్చోవాలి. కూర్చుని వినాలి."

వంతులు వేసుకుని కూర్చున్నారు. తల్లి కళ్ళు మూసుకుని వినేది. ఏ స్వరం జారిందో ఆమెకు పేరు చెప్పడం రాదు గాని, జారినప్పుడు పన్ను మీద పన్ను పెట్టి నొక్కేది. టీచరు ఆ దవడ చూసి, "మీ అమ్మకి నొప్పి పుట్టింది, మళ్ళీ వాయించు," అనేది. మేస్త్రీ కూడా బుద్ధిగానే కూర్చునేవాడు. కానీ అతని చూపు టీచరు బల్ల కాళ్ళ మీద ఉండేది. ఆ పాలిష్ ఎవడు పెట్టాడో గాని చేతకానివాడు అనుకునేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. తల్లికి వయొలిన్ చప్పుడు తెలిసింది. తండ్రికి దాని రూపం తెలిసింది.

ఇంట్లో సాధన చేస్తే పై వాటావాళ్ళు నేల మీద కర్రతో కొట్టేవారు. మొదట్లో తాళానికేమో అనుకున్నారు. కాదని తెలిశాక మేస్త్రీ షెడ్డులో అమ్మకానికున్న బీరువాల్ని నాలుగు పక్కలా నిలబెట్టి, మధ్యలో స్టూలు వేసి, కూతురికి గది కట్టాడు. ఒక బీరువా అమ్ముడుపోతే గదికి గోడ పోయేది. ఇంకోటి తయారయ్యేదాకా అటు దుప్పటి వేలాడదీసేవాడు. ఆమె వాయిస్తున్నంతసేపూ బావమరిది రంపం పట్టకూడదు.

"కోడలు పిల్ల వాయించడం మొదలెట్టాక నా పని సగానికి పడిపోయింది," అనేవాడు వాడు.

"అంతకుముందు మాత్రం ఏం వెలగబెట్టావు మావయ్యా?" బీరువాల మధ్య నుంచి గొంతు వచ్చేది.

చిటికె పొడుగయింది. వయొలిన్ గొంతు కూడా మారింది. ఒకరోజు పాఠం అయ్యాక టీచరు తల్లినీ తండ్రినీ పిలిచి కూర్చోబెట్టింది.

"నా దగ్గరున్నదంతా అయిపోయింది. ఇంకా పైది నేర్పేవాళ్ళు పిల్లల వాద్యబృందంలో ఉన్నారు. ఎంపికయితే అక్కడ నేర్పుతారు. కాకపోతే మీ అమ్మాయి చదువు ఇక్కడితో ఆగిపోయినట్టే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఒక్కటే అవకాశం."

తల్లి తల ఊపింది. టీచరు వయొలిన్ చేతిలోకి తీసుకుని, మీటి, నవ్వింది.

"దీని గొంతు బంగారం. ముఖమే బొగ్గుల బస్తా."

తల్లి మొదటి మాట విన్నది. తండ్రి రెండో మాట విన్నాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాట అతన్ని గిల్లుతూనే ఉంది. ఊరందరి బీరువాలూ అద్దాల్లా మెరిపించే మనిషి. కూతురు మాత్రం పెద్దవాళ్ళ ముందు బొగ్గుల బస్తా పట్టుకుని నిలబడాలా?

ఎంపికకు ముందు కొన్నాళ్ళు చేతులకు విశ్రాంతి ఇవ్వమని టీచరు చెప్పింది. చిటికె వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేసింది. మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా ఆ మూత తీశాడు.

అంత జాగ్రత్తగా అతను ఏ పనీ చెయ్యలేదు. తీగల కింద నిలబడే చిన్న చెక్క వంతెన ఎక్కడుందో పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నాడు. ఒక్కో తీగా వదులు చేసి, విప్పి, కాగితంలో చుట్టాడు. పాత మురికిని గుడ్డతో తుడిచాడు. లక్కను పలచగా, నీళ్ళలా కలిపాడు. ఆరనిచ్చి, రుద్ది, మళ్ళీ పూశాడు. బావమరిదిని రంపం ముట్టనివ్వలేదు. నలుపు కింద నుంచి తేనె రంగు పైకొచ్చింది. వంపు దగ్గర చెక్క గీతలు పులి చారల్లా లేచాయి.

తీగలు విప్పినప్పటి నుంచీ లోపల ఏదో దొర్లుతోంది. ఊపితే గలగలమంటోంది. మేస్త్రీకి వస్తువులో గలగల పనికిరాదు. సొరుగులో వదులు ముక్క ఉన్నా అతనికి నిద్ర పట్టదు. పొట్ట మీదున్న వంకర రంధ్రంలో ఇనప తీగ దూర్చి, తిప్పి తిప్పి, దాన్ని బయటికి లాగాడు. చిటికెన వేలంత పుల్ల. గుండ్రంగా ఉంది. ఒక్క బొట్టు జిగురు లేదు. ఎవరో ఎప్పుడో లోపల పడేసిన చెత్త అనుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎవరూ చూసుకోలేదే అని నవ్వుకున్నాడు కూడా. బల్ల మీద పెట్టి మర్చిపోయాడు.

తిరిగి తీగలు బిగించి, పెట్టెలో పెట్టి, సాయంత్రం ఇంట్లో మూత తీసి చూపించాడు. ఎంపిక ఎల్లుండి.

చిటికె వేలితో ఆ చారల్ని తడిమింది. "నాన్నా... ఇది మనదేనా?"

"కాకపోతే పక్కింటివాళ్ళదా? వాయించు."

ఆమె గడ్డం కింద పెట్టుకుని కమాను లాగింది. ఒకసారి ఆగింది. మళ్ళీ లాగింది. కింది స్వరాలు డొల్లగా గుమ్మన్నాయి. పై స్వరాలు చలిలో ఉన్నట్టు సన్నగా వణికాయి.

"బాగుంది నాన్నా," అంది, తల ఎత్తకుండా.

పని నచ్చనప్పుడు మర్యాదస్తులు అలాగే అంటారు. బీరువా వంక చూస్తూ అంటారు, మేస్త్రీ వంక చూడరు. అతనికి ఆ చూపు బాగా తెలుసు.

తల్లి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. దవడ బిగిసింది.

"ఖాళీ డబ్బాలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంది," అంది. "ఏం చేశారండీ దీన్ని?"

మర్నాడు పొద్దున్నే టీచరును షెడ్డుకు పిలుచుకొచ్చారు. ఆమె వయొలిన్ చూసి ముందు ముచ్చటపడింది. తర్వాత మీటి ముఖం చిట్లించింది. టార్చిలైటు అడిగి రంధ్రంలోకి చూసింది.

"పుల్ల ఏది?"

"ఏ పుల్ల?" అన్నాడు మేస్త్రీ. ఆ మాట నోట్లో ఉండగానే అతని మొహం పాలిపోయింది.

"లోపల నిలబడే పుల్ల."

"గలగలమంటుంటే... తీసేశాను."

టీచరు అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. తిట్టలేదు. "మేస్త్రీగారూ, మీటిన చప్పుడు పై పలక నుంచి కింది పలకకి దాని మీదుగానే దిగుతుంది. అది లేకపోతే ఇది వయొలిన్ కాదు, పెట్టె."

"జిగురు లేదండీ దానికి. మేకు లేదు. ఏదీ లేదు."

"ఉండదు. రెండు పలకల మధ్య ఒత్తిడికే నిలబడుతుంది. తీగలన్నీ ఒక్కసారి విప్పితే పడిపోతుంది."

అతను బల్ల వైపు పరుగెత్తాడు. బల్ల మీద పుల్ల లేదు. పొట్టులో చేతులు పెట్టి వెతికాడు. బావమరిది కూడా వంగాడు.

"ఏం పోయింది బావా?"

"పుల్లరా. ఇంత. గుండ్రంగా, నున్నగా."

వాడు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "బల్ల మీదున్నదా?"

"అదే! ఎక్కడ పెట్టావు?"

"కుర్చీ కాలికి చెక్క మేకులా కొట్టేశాను. కొలిచి చేసినట్టు సరిపోయింది. ముద్దు కూడా పెట్టుకున్నాను బావా."

"కుర్చీ ఏది?"

"నిన్న వెళ్ళిపోయింది. మంగలి షాపుకి."

"పద, పీకి తెద్దాం."

"జిగురు పెట్టాను. నా జిగురు సంగతి నీకు తెలుసుగా. కాలు విరుగుతుంది గాని మేకు రాదు."

ఎవరికీ నవ్వు రాలేదు. చిటికె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వయొలిన్లు బాగుచేసే ఆయన పొరుగూరు వెళ్ళాడట, ఎంపిక అయ్యాక గాని రాడట. తన వయొలిన్ ఇస్తానని టీచరు అంది. కానీ అది కొత్త చేతికి అంత తొందరగా లొంగదని కూడా తనే అంది. మేస్త్రీ గోడకు ఆనుకుని చేతుల వంక చూసుకున్నాడు.

"నేనే చేశాను," అన్నాడు.

"చేసింది చాలు," అంది భార్య. "ఇప్పుడు చెయ్యాల్సింది చెయ్యండి. టీచరుగారూ, కొత్త పుల్ల పెట్టలేమా?"

"ఎక్కడ పెట్టాలో నాకు తెలుసమ్మా. పెట్టే చెయ్యి నాకు లేదు." ఆమె వణికే వేళ్ళు చాపి చూపించింది. "లోపల చూడ్డానికీ దారి లేదు."

"చూడ్డం నాకు వదిలెయ్యండి." ఆమె చెప్పులేసుకుని క్లినిక్కుకు వెళ్ళింది. వచ్చేటప్పటికి చేతిలో పళ్ళు చూసే చిన్న అద్దం ఉంది. పొడుగు కాడ, చివర రూపాయి బిళ్ళంత గాజు. "డాక్టరుగారిని అడిగే తెచ్చాను. పేషెంటు ఎవరని అడిగారు. మా ఇంట్లో పెద్దావిడ, నోట్లో ఒక్క పన్ను కూడా లేదు అన్నాను."

బావమరిది తన దగ్గరున్న గట్టి చెక్క మేకు తెచ్చాడు. బరువు, గొంతు పట్టేస్తుంది అంది టీచరు. తేలిక చెక్క కావాలి, పాతది, గీత నిటారుగా ఉన్నది. మేస్త్రీ తల పైకెత్తాడు. ఏళ్ళ తరబడి దూలాల మీద రంగు డబ్బాలు మోస్తున్న ప్యాకింగు పెట్టె పలక ఒకటుంది. డబ్బాలు దించి పలక లాగాడు. గీత దారంలా నిటారుగా ఉంది. బావమరిది చీల్చి, చెక్కి, సాండ్ పేపరుతో గుండ్రంగా రుద్దాడు. వాడు అంత నోరు మూసుకుని పని చేయడం ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు.

మేస్త్రీ సైకిలు చక్రం చువ్వ వంచి కొక్కెంలా చేసి, కొసను పుల్లకు గుచ్చాడు. తీగలు వదులు చేసి, వంకర రంధ్రంలోంచి లోపలికి దూర్చాడు. భార్య రెండో రంధ్రంలో అద్దం పెట్టి, నోటితో టార్చి పట్టుకుంది. టీచరు అద్దంలోకి వంగింది.

"వంతెన కుడికాలికి కొంచెం వెనక. ఇంకొంచెం. ఆఁ."

వదిలాడు. పుల్ల పడిపోయింది.

పొట్టి అయింది. బావమరిది ఇంకోటి చెక్కాడు. అది పొడుగయింది, పలక ఉబ్బుతుంది వద్దంది టీచరు. కొస అరిగించారు. మళ్ళీ పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. బీరువా అయితే ఈపాటికి మేకు దిగేది. జిగురు లేకుండా, మేకు లేకుండా ఒక వస్తువు ఎలా నిలబడుతుందో అతని చేతికి అర్థం కావడం లేదు.

"మీ చేతులు వణుకుతున్నాయి," అంది భార్య, టార్చి నోట్లోంచి తీసి. "మా డాక్టరుగారు పన్ను పీకే ముందు కబుర్లు చెప్తారు. మీరూ చెప్పండి."

"ఎవరితో?"

"దానితోనే."

"నోరు తెరువమ్మా," అన్నాడు మేస్త్రీ వయొలిన్‌తో. "నొప్పి పెట్టదు." ఆ మాట అంటుండగానే పుల్ల మళ్ళీ పడింది. అతను కొక్కెం విసిరికొట్టాడు. "నా వల్ల కాదు. పాడు చెయ్యడమే నా చేతనయింది. బాగు చెయ్యడం కాదు."

అప్పుడు అతని చెవి దగ్గర టక్కున చిటికె మోగింది.

తల తిప్పాడు. కూతురు వేళ్ళు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఆమె చెంపల మీద తడి ఆరలేదు గాని, నవ్వుతోంది.

"ఏడుపు ఆగిందా?" అంది.

ముందు బావమరిది పకపకా నవ్వాడు. తర్వాత టీచరు. మేస్త్రీ వంగి కొక్కెం ఏరుకున్నాడు. ఈసారి నెట్టలేదు. తడి పాలిష్ మీద వెంట్రుక వాలితే ఎలా తీస్తాడో అలా, ఊపిరి బిగబట్టి, పుల్లను పక్కకు జరిపాడు. రెండు పలకలు దాన్ని పట్టుకున్నాయి. అది వేలికి తెలిసింది.

"నిలబడింది," అంది భార్య అద్దంలోకి చూస్తూ. "నిటారుగా."

తీగలు బిగించారు. చిటికె వాయించింది. "ఇంకా ముక్కుతో మాట్లాడుతోంది," అంది తల్లి. మేస్త్రీ పుల్లను వెంట్రుకవాసి వెనక్కి తట్టాడు. వాయించింది. తల్లి దవడ ఇంకా బిగిసే ఉంది. మరో చిన్న తట్టు. వాయించింది.

ఈసారి కమాను సగం కూడా కదలకముందే చుట్టూ ఉన్న బీరువాల పిడులు సన్నగా మోగాయి. తల్లి దవడ వదులయింది. టీచరు కళ్ళు మూసుకుంది. మిగిలిన పగలంతా చిటికె బీరువాల మధ్య వాయిస్తూనే ఉంది. బావమరిది పొద్దుగూకేదాకా రంపం ముట్టలేదు.

ఎంపిక జరిగే హాలు బయట వరండాలో బల్లలున్నాయి. బావమరిది కూర్చునే ముందు ప్రతి బల్లనీ ఊపి చూశాడు. పిల్లలకు నంబర్లు ఇచ్చారు. పేరు అడగరట. తెర వెనక నుంచుని వాయించాలట. వినేవాళ్ళకు మనిషి కనబడరు.

"తెర వెనకా?" అన్నాడు మేస్త్రీ. "అయితే ఎవరూ చూడరా?"

"చూడరు," అంది భార్య.

"పాలిష్ కూడా?"

"పాలిష్ కూడా."

"మంచిదే," అన్నాడు చివరికి, బలవంతంగా.

తలుపు మూసుకుంది. ఒకరి తర్వాత ఒకరు వాయించారు. కొందరు చాలా బాగా వాయించారు. టీచరు బాగుందన్నట్టు తల ఊపుతోంది. ఆ ఊపుడు ఆగితే బాగుండునని మేస్త్రీ అనుకున్నాడు. తర్వాత ఒక గొంతు వచ్చింది. మొదటి స్వరానికే భార్య అతని చెయ్యి పట్టుకుంది. చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ బల్ల కాళ్ళు చూస్తూ కూర్చున్న మనిషి ఇప్పుడు కళ్ళు మూసుకున్నాడు. కింది స్వరం నేల మీద కాలు మోపినట్టు దిగింది. పై స్వరం ఎక్కడా వణకలేదు. మూసిన తలుపు దాటి, వరండా దాటి, వీధిలోకి పోయింది. సైకిలు మీద పోయే మనిషి ఒకతను కాలు దించి ఆగాడు.

వాయించడం ఆగిపోయాక కూడా బల్లల మీద ఎవరూ కదలలేదు.

తలుపు తెరిచి బృందం పెద్దావిడ తనే బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు.

"ఏడో నంబరు పిల్ల తాలూకు ఎవరు?"

నలుగురూ ఒకేసారి లేచారు.

"తీసుకున్నాం. ముందు వరసలో," అంది ఆవిడ. "మిగతావాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో ఇంకా ఆలోచించాలి. ఈ పిల్ల గురించి ఆలోచించక్కర్లేదు."

బావమరిది వేసిన కేకకు లోపలి నుంచి ఎవరో ఉష్‌ అన్నారు. టీచరు వణికే చేతుల్తో మొహం కప్పుకుంది. చిటికె తలుపు తోసుకుని వచ్చి, వయొలిన్‌తో సహా తల్లి భుజం మీద వాలింది. పెద్దావిడ ఆ వయొలిన్ అందుకుని అటూ ఇటూ తిప్పింది. దాని వీపు మీద ఆమె మొహం కనబడింది. నుదుటి మీద జుట్టు సర్దుకుంది.

"అబ్బో, అద్దం అక్కర్లేదు. ఎవరు పెట్టారు ఈ మెరుపు?"

మేస్త్రీ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. "నేనేనండి."

"బాగుంది. గొంతు ఇంకా బాగుంది. లోపల ఎవరు సర్దారు?"

"మా ఇంట్లోవాళ్ళందరూ," అంది చిటికె. "పాత పుల్ల మా మావయ్య..."

"కుర్చీ సంగతి ఎందుకే ఇప్పుడు!" అన్నాడు బావమరిది.

ఇంటికి వెళ్ళే దారిలో మంగలి షాపు ముందు ఆగారు. ఆ కుర్చీలో ఒకాయన గడ్డానికి సబ్బు పూయించుకుని, కళ్ళు మూసుకుని, ఏదో కూనిరాగం తీస్తున్నాడు. "చూశావా బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "రాగం కుర్చీ కాలు దగ్గర్నుంచి ఎక్కుతోంది." ఈసారి భార్య కూడా నవ్వింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది.

మొదటి కచేరీ నాడు వేదిక మీద తెర లేదు. దీపాలన్నీ వెలిగాయి. ముందు వరసలో ఒక వయొలిన్ తేనె రంగులో మెరిసింది. ఆ హాల్లో అంతమందిలో కూతురు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేని తండ్రి అతనొక్కడే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినప్పుడు, ఆ గోధుమ రంగు చేతులు అందరికంటే చివర ఆగాయి.

ఇప్పటికీ అతను ఊరి బీరువాలకు పాలిష్ పెడుతూనే ఉన్నాడు. బావమరిదితో పొట్టు గొడవ రోజూ ఉంది. చిటికె ఇంటికొచ్చి వయొలిన్ పెట్టె తెరిస్తే, మెరుపు తగ్గిందంటాడేమోనని అందరూ అతని మొహం చూస్తారు. అతను పైన చూడడు. వంగి, ఒక కన్ను మూసి, వంకర రంధ్రంలోంచి లోపలికి చూస్తాడు.

పుల్ల నిలబడే ఉంటుంది.